పొద్దున్నే పది మందితో యోగా: వీధిలో మొదలుపెట్టి మానకుండా నడిపే పద్ధతి

యోగా దినమైన జూన్ 21న మైదానాలు నిండుతాయి. జూలై వచ్చేసరికి చాపలు అటక ఎక్కుతాయి. 2025లో మే 21 నుంచి నెల రోజులు యోగాంధ్ర పేరుతో రాష్ట్రమంతా శిక్షణలు జరిగాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కూడా చాలామంది ఆసనాలు నేర్చుకున్నారు. వాళ్లిప్పుడు అడుగుతున్నది ఆసనాల గురించి కాదు. "మా వీధిలో ఏడెనిమిది మందిమి ఉన్నాం, రోజూ చేయాలనుంది. ఎట్లా మొదలుపెట్టాలి, ఎట్లా నిలబెట్టుకోవాలి?" అంటున్నారు.

మొదటే ఒక మాట చెప్పాలి. యోగా మేలు అందేది మానకుండా చేసినవాళ్లకు. ఒక రోజు రాకపోతే "ఏమైంది అక్కా, రాలేదే?" అని అడిగేవాళ్లుంటే మనిషి సులభంగా మానడు. అందుకని ఆసనాలు నేర్పడం ఎంత ముఖ్యమో, ఆ అడిగే ఏర్పాటూ అంతే ముఖ్యం. కింద చెప్పే పనులన్నీ ఈ రెండింటినీ కలిపి నడిపించడానికే.

1. ముందు మనుషుల్ని కూడగట్టండి

మొదటి రోజే యాభై మందిని పిలవకండి. ఆరు నుంచి పది మంది చాలు. వాళ్లంతా నడిచి రాగలిగినంత దగ్గరలో ఉండాలి. బండి తీసి రావాల్సిన మనిషి వారం దాటి రావడం కష్టం.

పిలిచేటప్పుడు "యోగాకి రండి" అని ఊరుకోవద్దు. ఇంటింటికీ వెళ్లి వాళ్ల పొద్దు ఎట్లా గడుస్తుందో కనుక్కోండి. ఇది పెద్ద పనిలా కనిపించదు కానీ, గుంపు నిలుస్తుందా చెదిరిపోతుందా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

అడగాల్సినవి:
- కుళాయి నీళ్లు ఎన్నింటికి వస్తాయి?
- పిల్లల క్యారేజీలు ఎన్నింటికి కట్టాలి?
- కూలి ఆటో ఎన్నింటికి వస్తుంది? పాలు పితికేది ఎప్పుడు?
- రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండేవాళ్లెవరైనా ఉన్నారా?
- ఫజర్ (తెల్లవారుజాము) నమాజుకు వెళ్లేవాళ్లు ఎన్నింటికి తిరిగొస్తారు?

ఆడవాళ్లకు కుదరని వేళ పెట్టి, ఆ తర్వాత "ఆడవాళ్లు రావడం లేదు" అనుకోవడం చాలా చోట్ల జరుగుతోంది. ఐదు నుంచి ఏడు దాకా వంటింట్లోంచి కదల్లేని వాళ్లుంటే, పిల్లలు బడికి వెళ్లాక తొమ్మిదిన్నరకో పదికో వాళ్లకు వేరుగా ఒక బృందం పెట్టండి. కాకపోతే ఆ వేళకు టిఫిన్ తిని ఉంటారు. తేలికగా తిన్నా రెండు గంటల విరామం ఉండాలి, కడుపు నిండా తింటే మూడు గంటలు ఆగాలి.

2. వేళ ఖాయం చేయండి

మన వైపు సూర్యోదయం జూన్‌లో సుమారు 5.40కి, జనవరిలో 6.35 దాటాక. దాదాపు గంట తేడా. అలాగని నెలకో వేళ మారిస్తే ఎవరికీ గుర్తుండదు. ఏడాదికి రెండే వేళలు పెట్టుకోండి: మార్చి నుంచి సెప్టెంబరు దాకా 5.30, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా 6.00. చలికాలంలో మొదటి పావుగంట చీకటిగానే ఉంటుంది, దీపం ఉన్న చోటు చూసుకోవాలి.

చెప్పిన వేళకు ఇద్దరున్నా మొదలుపెట్టండి. వచ్చేవాళ్ల కోసం పది నిమిషాలు ఆగితే, మరుసటి రోజు అందరూ పది నిమిషాలు ఆలస్యంగా వస్తారు. ముగింపు వేళ అంతకంటే ముఖ్యం. 6.15కి వదులుతామని చెప్పి ఆరున్నర చేస్తే, పొయ్యి మీద పాలు పెట్టుకుని వచ్చినవాళ్లు మళ్లీ రారు.

వారానికి ఆరు రోజులు చాలు. ఆదివారం సెలవు ఇవ్వండి. చర్చికి వెళ్లేవాళ్లకు, ఆదివారమే ఇంట్లో పనులు పెట్టుకునేవాళ్లకు అది కలిసొస్తుంది.

3. చోటు

బడి ఆవరణ, గుడి మండపం, కల్యాణ మండపం వరండా, అపార్టుమెంటు డాబా, వీటిలో ఏదైనా పనికొస్తుంది. బడి అయితే హెడ్మాస్టరుగారికి కాగితం రాసిచ్చి, తాళం ఎవరి దగ్గర ఉండాలో ముందే మాట్లాడుకోండి. వెళ్లేటప్పుడు ఊడ్చి వెళ్లాలి. అన్ని మతాల వాళ్లూ రావాలనుకుంటే గుడి కన్నా బడో డాబానో మేలు.

నెల్లూరు వాళ్లకు స్వర్ణాల చెరువు కట్ట, మైపాడు తీరం గుర్తుకొస్తాయి. ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం. ఎప్పుడన్నా ఒక రోజు వెళ్లడానికి బాగుంటాయి. రోజువారీ సాధనకు మాత్రం ఇసుక సరిపడదు. మెత్తని ఇసుకలో మడమ కుంగి, ఒంటికాలి మీద నిలబడే ఆసనాల్లో పెద్దవాళ్లు తూలిపోతారు.

చోటు చూసేటప్పుడు ఇవి గమనించండి:
- నేల చదునుగా ఉందా? గచ్చు అయితే తడి ఉందా?
- ఒక వైపు గోడ ఉందా? పెద్దవాళ్లకు ఆసరా కావాలి.
- మరుగుదొడ్డి దగ్గరలో ఉందా? షుగరున్నవాళ్లు, గర్భిణులు మొదట అడిగేది ఇదే.
- దారిలో వీధిదీపాలు వెలుగుతున్నాయా? కుక్కల బెడద ఉందా?
- వాన వస్తే తలదాచుకునే కప్పు ఉందా?

వరసలు తూర్పు ముఖంగా వేస్తే పావుగంటలో ఎండ కళ్లలో పడుతుంది. ఉత్తరం వైపు తిరిగి కూర్చోబెట్టండి. మైకు అవసరం లేదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని నిబంధన ఉంది, పైగా నిద్రపోయే ఇరుగుపొరుగుతో తగవు తెచ్చుకోవడం ఎందుకు? ఇరవై మంది దాకా మామూలు గొంతు వినపడుతుంది.

4. చాపలు, బట్టలు, దోమలు

గచ్చు మీద ప్లాస్టిక్ చాప జారుతుంది. కొనగలిగితే యోగా మ్యాటు, లేకపోతే మందపాటి జంపఖానా రెండు మడతలు వేసుకోండి. మోకాళ్ల కింద పెట్టుకోవడానికి ఒక తువ్వాలు అందరూ తెచ్చుకోవాలి.

ఆడవాళ్లకు చీర కన్నా చుడీదారు సౌకర్యం. చీరే కట్టుకుంటామంటే కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోమనండి, నిలబడి చేసే ఆసనాల్లో కాలికి అడ్డం పడకుండా ఉంటుంది.

నెల్లూరు దోమల సంగతి చెప్పేదేముంది! కాళ్లు నిండా కప్పే ప్యాంటు వేసుకోవాలి, ఒంటికి దోమల క్రీము రాసుకోవాలి. కాయిలు వెలిగించకండి. ప్రాణాయామం చేసేటప్పుడు ఆ పొగంతా పీల్చుకోవాల్సి వస్తుంది.

5. మొదటి రోజుకు ముందు ఆరోగ్య వివరాలు

దీన్ని దాటేసి ఆసనాల్లోకి వెళ్లకండి. ఒక పుస్తకంలో ప్రతి మనిషికీ ఒక పేజీ పెట్టి వయసు, బీపీ, షుగరు, వాడే మందులు, పాత ఆపరేషన్లు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాయించుకోండి. నలుగురిలో చెప్పలేనివి ఉంటాయి, పక్కకు పిలిచి అడగాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి. ఆ పుస్తకం నడిపే మనిషి దగ్గరే ఉండాలి. చాలాకాలంగా బీపీ చూపించుకోని వాళ్లుంటే ముందు ఊళ్లోని హెల్త్ క్లినిక్‌లో ఏఎన్ఎం దగ్గర చూపించుకుని రమ్మనండి. గుండె జబ్బున్నవాళ్లు డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

బీపీ ఎక్కువున్నవాళ్లు: ఊపిరి బిగబట్టే పని ఏదీ వద్దు. తల గుండె కన్నా కిందికి పోయే ఆసనాలు, వేగంగా చేసే కపాలభాతి (ఊపిరిని కుదుపులుగా బయటికి కొట్టే పద్ధతి) వద్దు. లేచేటప్పుడు నిదానంగా లేవాలి.

షుగరున్నవాళ్లు: ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లకు పరగడుపున చేస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. ఏమన్నా కాస్త తిని రావాలా, మందు వేళ మార్చాలా అన్నది వాళ్ల డాక్టరును అడగాలి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

మోకాళ్ల నొప్పులు: వజ్రాసనం (మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవడం) వద్దు. బాసిపట్లు కూడా బలవంతంగా వేయించవద్దు. కుర్చీ ఇవ్వండి. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, గోడకు ఆనించి వేయాలి.

మెడ నొప్పి, కళ్లు తిరగడం: తలను గుండ్రంగా తిప్పించవద్దు. కుడికీ ఎడమకీ, గడ్డం కిందికీ, అంతే.

గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు, కంటి ఆపరేషన్ అయినవాళ్లు: తల కిందికి వంచే ఆసనాలు వద్దు. ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కంటి డాక్టరే చెప్పాలి.

హెర్నియా, ఈమధ్య కడుపు ఆపరేషన్ అయినవాళ్లు: కపాలభాతి, శలభాసనం (బోర్లా పడుకుని కాళ్లు పైకెత్తడం), కాళ్లు రెండూ కలిపి ఎత్తడం వద్దు.

గర్భిణులు: బోర్లా పడుకునేవి, పొట్టను మెలితిప్పేవి, కపాలభాతి వద్దు. నెలలు నిండేకొద్దీ వెల్లకిలా ఎక్కువసేపు పడుకోకుండా ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. డాక్టరు అనుమతి తప్పనిసరి.

కనిగిరి వైపు వాళ్లకు ఒక మాట వేరుగా చెప్పాలి. ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగి మెడ, నడుము బిగిసిపోయినవాళ్లు అక్కడి పల్లెల్లో ఉన్నారు. ఫ్లోరోసిస్‌లో ఎముక గట్టిపడినట్టు కనిపించినా పెళుసుగా ఉంటుంది. "వంగు పెదనాయనా, ఇంకొంచెం వంగు" అని వీపు మీద చేయి వేసి నొక్కడం ప్రమాదం. వాళ్లకు కుర్చీలో కూర్చుని చేతులు, భుజాలు, మడమలు కదిలించడం, నెమ్మదిగా ఊపిరి తీయడం చాలు. బిగిసిన కీలు యోగాతో తిరిగి పూర్తిగా వంగుతుందని ఆశ పెట్టవద్దు. కదలిక ఉన్నంతమేరకు నిలుపుకోవడమే అక్కడి లక్ష్యం.

ఆ మాటకొస్తే ఎవరి ఒంటి మీదా చేయి వేసి నొక్కకూడదు. నోటితో చెప్పండి, చేసి చూపించండి.

6. 45 నిమిషాల వరస

ఆయుష్ మంత్రిత్వ శాఖ యోగా దినం కోసం తయారుచేసిన ఉమ్మడి యోగా క్రమం కూడా ముప్పావుగంటదే. కింది వరస దానికి దగ్గరగా ఉంటుంది. పెద్దవాళ్లుండే బృందానికి బరువైన కొన్నింటిని తీసేశాను.

మౌనంగా కూర్చోవడం, 3 నిమిషాలు. కళ్లు మూసుకుని ఊపిరి వచ్చేదీ పోయేదీ గమనించాలి. ఇక్కడ ప్రార్థన పెట్టాలా, ఓంకారం చెప్పాలా అని చాలామంది అడుగుతారు. మౌనం పెట్టండి. ఎవరి దేవుణ్ని వాళ్లు తలుచుకుంటారు, అందరూ ఒకే వరసలో కూర్చుంటారు.

కీళ్ల కదలికలు, 8 నిమిషాలు. కాలివేళ్ల నుంచి మొదలుపెట్టి పైకి రండి: వేళ్లు, మడమ, మోకాలు, నడుము, మణికట్టు, భుజం, చివర మెడ. ఒక్కోదానికి ఐదారు సార్లు. ఈ భాగాన్ని చాలామంది తొందరగా దాటించేస్తారు. పొద్దున లేవగానే ఒళ్లు బిగుసుకుని ఉంటుంది, అప్పుడే నడుం వంచితే పట్టేస్తుంది. చలికాలంలో దీనికి పది నిమిషాలు ఇవ్వండి.

నిలబడి చేసేవి, 12 నిమిషాలు.

తాడాసనం: పాదాల మధ్య రెండంగుళాల ఎడం. వేళ్లు పెనవేసి చేతులు పైకెత్తి, ఊపిరి తీసుకుంటూ మడమలు లేపాలి. చూపు ఎదురుగా ఒక చోట నిలపాలి. తూలేవాళ్లు మడమలు లేపకుండా చేయొచ్చు.

వృక్షాసనం: ఒక పాదాన్ని రెండో కాలి తొడ లోపలివైపు ఆనించాలి. అంత ఎత్తు రాకపోతే పిక్క దగ్గర పెట్టాలి. మోకాలి మీద మాత్రం ఆనించకూడదు. అరవై దాటినవాళ్లంతా గోడకు ఒక చేయి ఆనించే చేయాలి. పెద్ద వయసులో పడితే తుంటి ఎముక విరగొచ్చు. ఆ పడడాన్ని తప్పించే తూకం ఈ ఆసనంలోనే అలవాటవుతుంది. అందుకే దీన్ని మానిపించకుండా ఆసరాతో చేయించమంటున్నాను.

త్రికోణాసనం: కాళ్లు ఎడంగా పెట్టి పక్కకు వంగాలి. చేయి నేలను తాకాలనే పట్టుదలతో ముందుకు వంగిపోవడం అందరూ చేసే తప్పు. వీపు గోడకు ఆనించి ఒకసారి చేస్తే తేడా తెలుస్తుంది. చేయి మోకాలి కింద ఎక్కడ ఆగినా సరే.

కూర్చునీ పడుకునీ చేసేవి, 10 నిమిషాలు.

భద్రాసనంతో (అరికాళ్లు రెండూ కలిపి, మోకాళ్లు పక్కలకు విచ్చి కూర్చోవడం) మొదలుపెట్టండి. తర్వాత వక్రాసనం (కూర్చుని నడుమును పక్కకు తిప్పడం) రెండు వైపులా. ఆపైన బోర్లా పడుకుని మకరాసనంలో ఒక నిమిషం విశ్రాంతి, భుజంగాసనం రెండు సార్లు. భుజంగాసనంలో అరచేతులు ఛాతీ పక్కన ఉండాలి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉండాలి, బొడ్డు దాకానే పైకి లేవాలి. చేతుల బలంతో నెట్టుకుని లేస్తే భుజాలు చెవుల దాకా వెళతాయి, నడుం నొక్కుకుపోతుంది.

వెల్లకిలా తిరిగి సేతుబంధాసనం (మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం), పవనముక్తాసనం (మోకాలిని పొట్టకు హత్తుకోవడం). సేతుబంధంలో మోకాళ్లు బయటికి విచ్చుకోకుండా చూసుకోవాలి. పవనముక్తాసనం ఒక్కో కాలితో చేయిస్తే చాలు. మెడ నొప్పి ఉన్నవాళ్లు తల లేపకూడదు.

శవాసనం (వెల్లకిలా కదలకుండా పడుకోవడం), 5 నిమిషాలు. ఆలస్యమైందని దీన్ని కోసేయకండి. కోయాల్సొస్తే నిలబడి చేసే వాటిలో ఒకటి తగ్గించండి. లేచేటప్పుడు కుడి పక్కకు తిరిగి, చేతి ఆసరాతో లేవాలి.

ప్రాణాయామం, 7 నిమిషాలు. నాడీశోధనం ఐదు ఆవృత్తులు, భ్రామరి (తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి వదలడం) ఐదు. నాడీశోధనంలో ఎడమ ముక్కుతో తీసుకుని కుడితో వదలాలి, మళ్లీ కుడితో తీసుకుని ఎడమతో వదలాలి. ఇది ఒక ఆవృత్తి. కుడి ముక్కుకు బొటనవేలు, ఎడమ ముక్కుకు ఉంగరపు వేలు, చిటికెన వేలు. ముక్కును నొక్కి పట్టక్కర్లేదు, తాకితే చాలు. పక్కవాళ్లకు ఊపిరి చప్పుడు వినపడిందంటే బలవంతంగా లాగుతున్నట్టే. మొదటి మూడు నెలలు ఊపిరి బిగబట్టడం ఎవరికీ వద్దు.

సూర్యనమస్కారాలు ఎక్కడ? మూడో వారం దాటాక, చేయగలిగినవాళ్లకు మాత్రమే, నిలబడి చేసే వాటి బదులు. రెండు ఆవృత్తులతో మొదలుపెట్టి వారానికి ఒకటి చొప్పున పెంచండి. ఛాతీ విచ్చుకునే భంగిమలో ఊపిరి లోపలికి, పొట్ట ముడుచుకునే భంగిమలో బయటికి అని గుర్తుపెట్టుకుంటే చాలా మటుకు దారిలో పడుతుంది. 108 నమస్కారాల పోటీలు పెట్టకండి. మణికట్లు, నడుములు పట్టేసి నెలకు ఇద్దరు ముగ్గురు తగ్గిపోతారు.

7. మొదటి నెల

మొదటి వారం: మౌనం, కీళ్ల కదలికలు, తాడాసనం, పవనముక్తాసనం, శవాసనం. అరగంట చాలు. "ఇంతేనా?" అని అడిగేవాళ్లుంటారు. ఇంతే.

రెండో వారం: వృక్షాసనం, భద్రాసనం, భ్రామరి కలపండి.

మూడో వారం: భుజంగాసనం, సేతుబంధం, నాడీశోధనం.

నాలుగో వారం: త్రికోణాసనం, వక్రాసనంతో పూర్తి వరస.

రెండో వారం చివర ఒళ్లు నొప్పులని కొందరు మానేస్తారు. కండరాల సలుపు రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలులో పోటు, కాళ్లలోకి జాలు లాగడం, తిమ్మిరి ఉంటే ఆ ఆసనం ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే "గ్యాసులే" అని సర్దుకోకుండా 108కి ఫోన్ చేయాలి.

8. ఏ ఫలితం ఎప్పుడు

రెండు మూడు వారాల్లో చాలామందికి ముందుగా తెలిసేది నిద్రలో, నడుం బిగుతులో తేడా. బీపీ, షుగరు మీద ప్రభావం నెమ్మదిగా, కొద్దిగా ఉంటుంది, అందరిలో ఒకేలా ఉండదు. నెలకొకసారి చూపించుకుని పుస్తకంలో రాయండి. ఎంత తగ్గినా మాత్ర ఆపడం, తగ్గించడం డాక్టరు చెప్పాకే. "యోగా చేస్తున్నాగా, మాత్రెందుకు?" అనే మాట మీ బృందంలో ఎక్కడ వినపడినా వెంటనే ఆపండి. దానివల్ల ప్రాణం మీదికి రావచ్చు.

ఇంకొకటి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైన చెప్పిన వరస నిదానమైనది, చెమట పెద్దగా పట్టదు. అందుకని సాయంత్రం అరగంట చురుగ్గా నడవడం కూడా అలవాటు చేయండి.

9. హాజరు పుస్తకం

చిన్న నోటుబుక్కు చాలు. రోజూ వచ్చినవాళ్ల పేరు ఎదురుగా టిక్కు పెట్టండి. ఇది రానివాళ్లను తప్పుపట్టడానికి పెట్టింది కాదు, వాళ్లను వెతుక్కోవడానికి పెట్టింది.

మన రెండు జిల్లాల్లో ఏ వీధిలో చూసినా పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, చెన్నైలోనో, అమెరికాలోనో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లిద్దరే మిగిలిన కుటుంబాలు కనిపిస్తాయి. ఇద్దరిలో ఒకరు పోతే ఒక్కరే. అట్లాంటి మనిషి రాత్రి స్నానాల గదిలో జారిపడితే పొద్దున పాలవాడు తలుపు కొట్టేదాకా ఎవరికీ తెలియదు. ఆరింటికల్లా రావాల్సిన పెద్దమ్మ రాలేదని గమనించే పది మంది ఉండడం ఆ ఇంటికి ఎంత ధైర్యమో, దూరాన ఉన్న పిల్లలకు ఇంకా ఎక్కువ తెలుసు. నేను పొద్దుటి యోగా గురించి ఇంత పట్టుబట్టి రాయడానికి ఆసనాల కన్నా ఇదే పెద్ద కారణం.

పాటించే పద్ధతి:
- ఒక రోజు రాకపోతే: సాధన అవగానే ఫోన్. ఒంటరిగా ఉండేవాళ్లయితే ఫోన్ ఎత్తకపోగానే ఇంటికి వెళ్లి చూడాలి.
- మూడు రోజులు రాకపోతే: ఇద్దరు వెళ్లి పలకరించాలి. "ఎందుకు రావడం లేదు?" అనే మాటతో మొదలుపెట్టకండి. "ఒంట్లో ఎట్లా ఉంది మావా?" అని మొదలుపెట్టండి.
- వారం దాటితే: కారణం తెలుసుకుని దానికి తగ్గట్టు ఏదైనా మార్చండి. వేళా, మోకాళ్లా, ఎవరైనా మనసు నొచ్చేలా మాట్లాడారా?
- ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే జతలు పెట్టండి. అందరి పనీ అంటే ఎవరి పనీ కాకుండా పోతుంది.

వాట్సాప్ గ్రూపు పెడతారు, పెట్టండి. అందులో రేపటి వేళ, సెలవు, ఎవరికి ఒంట్లో బాగాలేదు అన్న మూడు సంగతులే ఉండాలని మొదటి రోజే చెప్పండి. రాజకీయాలు, ఫార్వర్డులు మొదలైతే మాటా మాటా పెరిగి పొద్దున పక్కపక్కన కూర్చోలేరు. స్మార్ట్‌ఫోను లేనివాళ్లకు మామూలు ఫోనే.

సాధన అయ్యాక పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకోనివ్వండి. ఒక ఇంటి నుంచి రాగి అంబలి వచ్చినా, మజ్జిగ వచ్చినా మంచిదే. వంతులు పెట్టి టిఫిన్లు తెమ్మని మాత్రం అనకండి. వంతు వచ్చిన రోజు ఇవ్వలేని ఇల్లు మెల్లగా దూరమవుతుంది. డబ్బు విషయంలోనూ అంతే. ఫీజు వద్దు, చందా వద్దు. చాపో బల్బో కావాలంటే ఇవ్వగలిగినవాళ్లు తెచ్చి అక్కడ పెడతారు.

10. ఎండలు, వానలు, పనుల కాలాలు

మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, తెల్లవారే ఉక్కగా ఉంటుంది. సాధన ఒక పావుగంట తగ్గించండి, నమస్కారాలు ఆపేయండి. శీతలి ప్రాణాయామం (నాలుకను గొట్టంలా చుట్టి నోటితో ఊపిరి తీసుకోవడం) ఐదు ఆవృత్తులు కలపొచ్చు. వచ్చే ముందూ వెళ్లాకా నీళ్లు తాగమని గుర్తుచేయండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫానులు. ఎక్కువ బృందాలు చెదిరేది ఈ కాలంలోనే. సెప్టెంబరులోనే కప్పు ఉన్న చోటు మాట్లాడి పెట్టుకోండి. తీరం వెంబడి పల్లెల్లో తుఫాను షెల్టరు ఉంటే పంచాయతీని అడగొచ్చు. తుఫాను హెచ్చరిక వస్తే అది జనం తలదాచుకునే చోటు కాబట్టి వెంటనే ఖాళీ చేయాలి. ఏ చోటూ దొరకని రోజు ఎవరి ఇంట్లో వాళ్లు కీళ్ల కదలికలు, ప్రాణాయామం చేసి గ్రూపులో "అయింది" అని పెట్టాలి. వారం పాటు మొత్తంగా ఆగిపోకూడదు.

కందుకూరు, పొదిలి, కొండపి వైపు పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఎండబెట్టే గదులు) కాల్చే రోజుల్లో, డెల్టాలో వరికోతల్లో సగం మంది రారు. వాళ్ల పేర్లు పుస్తకంలోంచి కొట్టేయకండి. బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకున్న మనిషికి పొద్దున కావాల్సింది నిద్ర. పని ముగిశాక మళ్లీ వస్తే మొదటి వారం వరస నుంచే మొదలుపెట్టించాలి.

రంజాన్ మాసంలో ఉపవాసం ఉండేవాళ్లు తేలికైన కదలికలతో సరిపెట్టుకోవచ్చు, ఇష్టమైతే ఆ నెల ఆగొచ్చు. సంక్రాంతికి ఊళ్లకు వచ్చిన పిల్లల్ని కూడా తీసుకురమ్మనండి. అమ్మానాన్నల పక్కన ఎవరున్నారో వాళ్లు చూసుకోవాలి, ఫోన్ నంబర్లు తీసుకోవాలి.

11. రెండో మనిషిని తయారుచేయండి

నడిపే మనిషికి జ్వరమొస్తేనో, ఊరెళితేనో ఆగిపోయే బృందాలు చాలా ఉన్నాయి. రెండో నెల నుంచి వారానికి ఒక రోజు వేరేవాళ్ల చేత చేయించండి. మొదట కీళ్ల కదలికల భాగం మాత్రమే అప్పగించాలి. నాలుగు వారాల తర్వాత పూర్తి వరస. ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయితే, ఆడవాళ్లు తమ ఇబ్బందులు చెప్పుకోగలుగుతారు.

అప్పగించేటప్పుడు ఇవన్నీ వాళ్ల చేతిలో పెట్టండి:
- ఎవరికి ఏ ఆసనం వద్దో రాసిన చీటీ. మిగతా వివరాలున్న పుస్తకాన్ని వాళ్లందరి అనుమతి తీసుకున్నాకే ఇవ్వాలి
- హాజరు పుస్తకం, ఫోన్ జతల జాబితా
- తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో
- చక్కెర పొట్లం, నీళ్ల సీసా, టార్చిలైటు ఉన్న సంచి

కొత్తగా చేరేవాళ్లను నెల మొదటి సోమవారమే చేర్చుకోండి. రోజుకొకరు చేరితే వరస మళ్లీ మొదటికొస్తుంది. ఇరవై దాటితే రెండు బృందాలుగా చేసి, రెండోది పక్క వీధిలో ఆ రెండో మనిషి చేత మొదలుపెట్టించండి. అక్కడా ఆరుగురితోనే.